పేరు అడగని పెట్టె

రహస్య సమాచారం ఇచ్చినవాళ్ల పేరు బయటపెట్టనని విలేకరి మాట ఇస్తాడు, నిలబెట్టుకుంటాడు కూడా. కానీ అతని ఫోన్ కాల్స్ చిట్టా, ఆఫీసు కంప్యూటర్, ఈమెయిల్ సర్వర్ ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు. పేరు చెప్పకుండా పత్రికకు ఫైళ్లు పంపే సాఫ్ట్‌వేర్ సెక్యూర్‌డ్రాప్‌ను తయారుచేసినవాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. పంపినవాళ్ల పేరును గట్టిగా దాచడం కన్నా, వీలైనంత వరకు అది పత్రిక చేతికే అందకుండా చూడడం మేలన్న లెక్కతో పని మొదలుపెట్టారు.

దీన్ని రూపొందించినవాళ్లు ఆరన్ స్వార్ట్జ్, కెవిన్ పోల్సన్, జేమ్స్ డోలన్. 2013 జనవరిలో స్వార్ట్జ్ చనిపోయాడు. ఆ మే నెలలోనే న్యూయార్కర్ పత్రిక దీన్ని ‘స్ట్రాంగ్‌బాక్స్’ పేరుతో వాడుకలోకి తెచ్చింది. అక్టోబరులో ఫ్రీడమ్ ఆఫ్ ది ప్రెస్ ఫౌండేషన్ బాధ్యత తీసుకుని సెక్యూర్‌డ్రాప్ అని పేరు పెట్టింది. తర్వాత గార్డియన్, వాషింగ్టన్ పోస్ట్ కూడా దీన్ని పెట్టుకున్నాయి.

ఒక ఫైలు వెంట నడిస్తే పనితనం తెలుస్తుంది. పంపేవాళ్లు తమ జాడ దాచే టోర్ బ్రౌజర్‌లో పత్రిక ఇచ్చిన చిరునామా తెరుస్తారు. అది పేరు, ఫోన్ నంబరు, ఈమెయిల్ ఏవీ అడగదు. ఏడు మామూలు మాటల వరుస ఒకటి చేతికిస్తుంది. జవాబు వచ్చిందేమో చూసుకోవాలన్నా, ఇంకో కాగితం పంపాలన్నా ఆ ఏడు మాటలే ఆధారం. మర్చిపోతే గుర్తుచేసే నాథుడు లేడు. విలేకరికి ఆ మాటలు కనబడవు. అతని తెరమీద అదే మనిషి వేరే రెండు మాటల మారుపేరుతో ఉంటాడు. ఇద్దరూ నెలల తరబడి ఉత్తరాలు రాసుకోవచ్చు, ఎవరో ఏమిటో తెలియకుండానే.

ఫైలు సర్వర్‌లో చేరగానే దానికి తాళం పడుతుంది. తీసే తాళంచెవి ఆ సర్వర్‌లో ఉండదు. అది ఇంటర్నెట్ మొహం చూడని మరో కంప్యూటర్‌లో ఉంటుంది. దాని వైఫై కార్డు కూడా ఊడదీసేస్తారు. విలేకరి తాళం వేసిన ఫైలునే దించుకుని, పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, ఆ కంప్యూటర్ దగ్గరికి తీసుకెళ్లి తెరవాలి. డెడ్‌లైన్ మీద ఉన్నవాళ్లకు ఇది విసుగే. కానీ ఆ విసుగు కావాలని పెట్టింది. తాళంచెవి నెట్ ఎక్కదు కాబట్టే, రేపు సర్వర్‌ను ఎవరైనా ఎత్తుకుపోయినా అందులోని పాత కాగితాలు చదవలేరు.

అన్నిటినీ ఇదొక్కటే కాపాడలేదు. ఆఫీసు కంప్యూటర్‌లో కూర్చుని ఆఫీసు గుట్టు పంపితే జాడ అక్కడే మిగులుతుంది. ఫైలు లోపల దాగిన పేర్లను, తేదీలను ప్రచురించే ముందు విలేకరే తుడవాలి.

వాట్సాప్ నంబరిచ్చి సమాచారం పంపమనే మన పత్రికలు, ఛానళ్లు ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. వార్త ఎవరిచ్చారో చెప్పమని బలవంతం చేయకూడదన్న 1978 నాటి ప్రెస్ కౌన్సిల్ చట్టంలోని రక్షణ, కౌన్సిల్ ముందు జరిగే విచారణకే పరిమితం. ఆ గడప దాటాక, పంపినవాళ్ల ఫోన్ నంబరు మన దగ్గర ఉందంటే అది ఎవరో ఒకరు అడగదగిన వస్తువే. సెక్యూర్‌డ్రాప్ పెట్టుకోలేని చిన్న పత్రికైనా ఈ ఒక్క పని చేయవచ్చు: అవసరం లేని వివరం అడగకపోవడం, పనైపోయాక ఉంచుకోకపోవడం.