వెంకటేశం ఇంగ్లీషు

మా అక్క కూతురు డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివి, ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చి లక్డీకాపూల్‌లో మా యింట్లో దిగింది. రోజూ పొద్దున్నే మెట్రో ఎక్కి, నాలుగో స్టేషన్ అమీర్‌పేటలో దిగి, ఇంగ్లీషు నేర్చుకుని వస్తుంది. అమీర్‌పేట సంగతి మీకు తెలిసిందే. గోడకో బోర్డు, బోర్డుకో హామీ!

మొన్నొక సాయంత్రం దాని నోటుపుస్తకం తిరగేశాను. “నా జీవితాశయం” అని ఇంగ్లీషు వ్యాసం. ఒక్క తప్పు లేదు. డాక్టరై పేదలకు సేవ చేస్తుందట.

“బీకాం చదివి డాక్టరెలా అవుతావే?” అన్నాను.

“సార్ యిచ్చింది పిన్నీ, బట్టీ పట్టాం” అంది, నేనేదో వింత ప్రశ్న వేసినట్టు.

చివరి పేజీలో పెన్సిలుతో రాసుకున్నది మరొకటి వుంది. చూపించనంది. బతిమాలితే యిచ్చింది. మెట్రోలో పక్కన కూర్చున్న ఒకామె టిఫిను డబ్బాలోంచి గోంగూర పచ్చడి వాసన రావడం, దీనికి అమ్మ గుర్తుకు రావడం, అదీ కథ. క్రియలన్నీ తలకిందులు. నిన్నటిదీ ఇవాళ్టిదీ కలగాపులగం. కానీ చదువుతుంటే మా అక్క పచ్చడి జాడీ పక్కన నిలబడినట్టే వుంది!

మొదటిదానికి పదికి తొమ్మిది మార్కులు. రెండోది తప్పులున్నాయని ఎవరికీ చూపలేదట.

నాకు “కన్యాశుల్కం” గుర్తొచ్చింది. కొడుకు ఇంగ్లీషు వినాలని తల్లి ముచ్చటపడితే గిరీశం, వెంకటేశం మాట్లాడుకుంటారు చూడండి. ఒకడు నక్షత్రం పద్యం వల్లిస్తాడు, రెండోవాడు జామెట్రీ ముక్క వప్పజెపుతాడు. మాటలున్నాయి, మనిషి లేడు. పాపం, తల్లి మురిసిపోతుంది. మనం నవ్వుతాం గానీ, మన పిల్లల జీవితాశయాలకు తొమ్మిది మార్కులు వేసి మురిసిపోయేది మనమే.

ఆ నాటకం రాసిన గురజాడ మాత్రం ఇంగ్లీషు అలా వాడలేదు. 1883లోనే “సారంగధర” అని ఇంగ్లీషులో కావ్యం రాసిన మనిషి. తన డైరీలు కూడా చాలావరకు ఇంగ్లీషులోనే రాసుకున్నాడు. పరాయిభాషే అయినా అందులో తన రోజును తను చెప్పుకున్నాడు.

ఇంకో సంగతి. విద్యార్థులు వ్యాసాలు ఏ తెలుగులో రాయాలని పెద్ద వివాదం వచ్చినప్పుడు, 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఆయన అసమ్మతి పత్రం సమర్పించాడు. జీవద్భాషలో రాయనివ్వండని వాదించాడు. ఆ పత్రం రాసింది ఇంగ్లీషులోనే! అప్పటికి ఆ మాట నెగ్గకపోయినా తర్వాత తెలుగులో నెగ్గింది. అదే పోరాటం ఇంగ్లీషు క్లాసులో మనం మొదలే పెట్టలేదు. గైడు వ్యాసమే ఇవాళ్టి గ్రాంథికం.

“అయితే తప్పులు రాయనివ్వమంటావా? ఇంటర్వ్యూలో ఎవరు వూరుకుంటారు?” అని మావారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. వ్యాకరణం అక్కర్లేదని నేననను. కానీ చెప్పే మాటంటూ వుంటే కదా దిద్దడానికి?

ఆ పెన్సిలు పేజీలో ఒకచోట “ఆమె నవ్వింది” అని వుంది. “ఎవరే నవ్వింది, మీ అమ్మా, రైల్లో ఆవిడా?” అని అడిగాను. అది నాలిక్కరుచుకుని, ఆ వాక్యం తనే మార్చింది. ఎర్రసిరా అక్కర్లేకపోయింది. అర్థం కాలేదన్న మనిషి ఒకరు ఎదురుగా వుంటే చాలు.

ఇప్పుడు రోజూ ఒక పేజీ రాసి నా బల్ల మీద పెడుతోంది. మార్కులు వెయ్యను. అర్థం కానిచోట మాత్రం అడుగుతాను. నిన్నటి పేజీ నా మీదే. పిన్ని నవలలు బాగుంటాయిగానీ కాఫీ బాగుండదని రాసింది.

వ్యాకరణంలో ఒక్క తప్పు లేదు. అర్థం కాలేదనడానికీ వీల్లేదు!