విప్పడమూ విద్యే

కంప్యూటర్ ముందు కూర్చున్నవాడి పనితనం తెలియాలంటే అతని చేతికి ఒక ఆర్కైవ్ ఫైలు, అంటే ఎన్నో ఫైళ్లను ఒక్కటిగా కట్టిన మూట, ఇచ్చి చూడండి. పని రానివాడు దాని మీద రెండుసార్లు క్లిక్ చేసి, తర్వాతి సంగతి దేవుడికి వదిలేస్తాడు. పని వచ్చినవాడు టెర్మినల్ తెరుస్తాడు. అక్కడి నుంచి కళ్లారా చూడాలి!

మా బాన్సువాడలో అలాంటి అన్న ఒకరున్నారు. పేరు వేస్తానంటే ఒప్పుకోరు. టార్ ఫైలు ఏది వచ్చినా ఆయన ముందుగా కొట్టేది ‘టార్ -టీఎఫ్’. విప్పకుండానే లోపలి జాబితా తెర మీదికొస్తుంది. ఆ జాబితాను ఆయన చదివే తీరే వేరు. అన్నీ ఒకే ఫోల్డరు కింద ఉన్నాయా, విడివిడిగా ఉన్నాయా? విడిగా ఉంటే విప్పగానే వందల ఫైళ్లు మన సొంత ఫైళ్లలో కలిసిపోతాయి. ఏ పేరులోనైనా రెండు చుక్కలు పెట్టి పై ఫోల్డరులోకి ఎక్కాలని చూస్తున్నారా? 2018లో ‘జిప్ స్లిప్’ పేరుతో బయటపడి గగ్గోలు పుట్టించిన లొసుగు అదే. అంతా చూశాక ఖాళీ ఫోల్డరు ఒకటి చేసి, పెద్ద ‘సీ’తో అటు దారి చూపి, అప్పుడు ‘-ఎక్స్‌వీఎఫ్’ కొడతారు. “తమ్మీ, ముందుగాల లోపల ఏమున్నదో చూడు, అటెంక విప్పు” అన్నదే ఆయన చెప్పే మొదటి పాఠం.

ఎక్స్ అంటే విప్పు, వీ అంటే విప్పేవాటి పేర్లు చూపించు, ఎఫ్ అంటే ఫలానా ఫైలు. ఎఫ్ చివరే రావాలి, దాని వెంటే ఫైలు పేరు ఉండాలి గనక. వెయ్యి ఫైళ్లలో ఒక్కటే కావాలా? దాని పేరు చివర చేర్చండి, అదొక్కటే బయటికొస్తుంది. పాత ఫైళ్లు చెరిగిపోకూడదా? ‘-కే’ పెట్టండి. జీజిప్ చేసిన లాగ్ ఫైలును విప్పకుండానే చదవాలా? ‘జెడ్‌క్యాట్’ ఉంది.

చరిత్ర క్లుప్తంగా చెప్పేస్తాను. టేపుల మీద ఫైళ్లు దాచుకోవడానికి పుట్టిన టార్ 1979లో యునిక్స్ ఏడో వెర్షన్‌తో వచ్చింది. లెంపెల్, జివ్ అనే ఇద్దరు పండితులు 1977లో కుదింపు సూత్రం చెప్పారు. 1989లో ఫిల్ కాట్జ్ జిప్ తెచ్చాడు. 1992లో జీజిప్ వచ్చింది. అందులో కుదించే భాగం జాన్‌లూ గాయీది, విప్పే భాగం మార్క్ ఆడ్లర్‌ది. ఈ ఆడ్లరే తర్వాత నాసాలో, అంగారకుడి మీద 2004లో దిగిన స్పిరిట్ రోవర్‌కు మిషన్ మేనేజర్‌గా పనిచేశాడు! జీజిప్ విప్పేటప్పుడు వెనక్కి తిరిగి చూసుకోవాల్సింది 32 కిలోబైట్లే. ఫైలు ఎంత పెద్దదైనా అంతే. నిజాంసాగర్ తూము నుంచి కాలువకు నీళ్లు వదిలినట్టు, పైపులో ఇటు విప్పుతూ అటు వాడుకుంటూ పోవచ్చు. చిన్న మెమరీ ఉన్న పాత కంప్యూటరు కూడా ఇందుకు సరిపోతుంది.

కానీ నా మనసు గెలిచిన పనివాడు జూలియన్ సెవార్డ్. 1996లో బీజిప్2 రాశాడు. అందులో డేటా ముక్కలు ముక్కలుగా ఉంటుంది, ఒక్కో ముక్క గరిష్ఠంగా 900 కిలోబైట్లు. ప్రతి ముక్క మొదట్లో ఒక గుర్తు ఉంటుంది: 314159265359. అవును, గణితంలోని ‘పై’ విలువే! ఫైలు ముగిసే చోట ‘పై’ వర్గమూలం అంకెలు పెట్టాడు. ఇది సొగసు కోసమే చేసింది కాదు. ఫైలు మధ్యలో పాడైతే ‘బీజిప్2రికవర్’ ఆ గుర్తులు వెతుక్కుంటూ పోయి, ముక్కలను వేరు చేసి పెడుతుంది. బాగున్నవి మనకు దక్కుతాయి. ఇంత ముందుచూపున్న పనితనం ఈ రోజుల్లో ఎవరు చేస్తున్నారు? జెడ్‌స్టాండర్డ్ అనే మరో కుదింపు పద్ధతి వేగం గురించి కుర్రాళ్లు నాతో వాదిస్తుంటారు. వేగమైనదే, కాదనను. నా ఓటు మాత్రం సెవార్డ్‌కే.

ఇక తెలుగు సంగతి. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు గుర్తుకూ మూడు బైట్లు పడతాయి. ‘తెలుగు’ అన్న మాటకే 18 బైట్లు. అయితే ఆ మూడింటిలో మొదటి బైటు ఎప్పుడూ 224, రెండోది 176 గానీ 177 గానీ. ఇంతగా తిరిగొచ్చే వరుసలను కుదింపు ప్రోగ్రాములు ఇట్టే పట్టేస్తాయి. మన లిపి మోసే అదనపు బరువులో చాలావరకు అక్కడే దిగిపోతుంది.

ఈ విద్య మేలు తెలుగు వికీపీడియాలో చూడొచ్చు. 2003లో మొదలైన ఆ విజ్ఞాన సర్వస్వమంతా బీజిప్2 ఫైళ్లుగా ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. అందులో ‘మల్టీస్ట్రీమ్’ రకం ఉంది. నూరేసి పేజీలు ఒక్కో విడి స్ట్రీమ్‌గా ఉంటాయి, పక్కన ఒక సూచిక ఫైలు. మా అన్న ఏం చేశారో చూడండి. ‘బీజెడ్‌క్యాట్’తో సూచికను పారించి, ‘గ్రెప్’తో బాన్సువాడ వరుసను పట్టారు. ఆ వరుస మొదట్లో ఉన్న అంకె ఆ స్ట్రీమ్ ఎక్కడ మొదలవుతుందో చెబుతుంది. అక్కడి నుంచి తర్వాతి స్ట్రీమ్ దాకా ‘డీడీ’తో కోసి తీసి, ఆ చిన్న ముక్కను మాత్రమే విప్పారు. మన ఊరి పేజీ తెర మీద! మిగతాదంతా ముట్టుకోలేదు. ఏ బొమ్మల కిటికీ చేస్తుంది ఈ పని?

నేను టార్ పక్షం, దాచుకోను. జిప్‌లో లోపలి జాబితా ఫైలు చివర ఉంటుంది. డౌన్‌లోడ్ సగంలో తెగితే జాబితానే ఉండదు, ‘జిప్ -ఎఫ్‌ఎఫ్’తో మరమ్మతుకు తంటాలు పడాలి. టార్ జీజిప్ అయితే తెగినచోటి వరకు వచ్చిన ఫైళ్లు వచ్చినట్టే దక్కుతాయి. తెలుగు పేర్ల ఫైళ్ల సంగతీ అంతే. జిప్ ప్రమాణంలో యూటీఎఫ్-8 గుర్తు చేరింది 2006లో. ఆ గుర్తు పెట్టని సాఫ్ట్‌వేర్ చేతిలో పడితే మన పేర్లు పిచ్చి గీతలవుతాయి.

ఇంతటి విద్యను ఇవాళ ఏం చేస్తున్నాం? ఫైలు విప్పడానికి ప్రకటనలు కుమ్మరించే యాప్ పెట్టుకుంటున్నాం. పట్టా పాసుపుస్తకం, ఆధార్ ఉన్న జిప్ ఫైలును ముక్కూమొహం తెలియని వెబ్‌సైటుకు ఎక్కించి ‘విప్పి పెట్టు’ అంటున్నాం. తాళం తీయడం బద్ధకమై ఇల్లే అప్పగించే తెలివి ఇది! క్రాక్ చేసిన విన్‌రార్ కోసం వైరస్‌ను పిలిచి పీట వేస్తున్నాం. ఆ విన్‌రార్‌లోనే ఏస్ ఫైళ్లు విప్పే భాగంలో 19 ఏళ్లుగా దాగిన లోపం 2019లో బయటపడింది. ఆ భాగం సోర్స్ కోడ్ విన్‌రార్ వాళ్ల దగ్గరే లేదు. దిద్దే దారి లేక దాన్ని పూర్తిగా పీకేశారు. మూసిపెట్టిన సరుకును నమ్ముకుంటే అంతే.

తెరిచి ఉన్న పనికీ కాపలా కావాలి. ఎక్స్‌జెడ్ అనే కుదింపు ప్రోగ్రామును ఏళ్ల తరబడి దాదాపు ఒంటరిగా, జీతం లేకుండా మోసినవాడు లాసే కాలిన్. సాయం చేస్తానని చేరిన ఒక ముసుగు మనిషి నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టాడు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని అనుమానించి, 2024 మార్చిలో దాన్ని పట్టుకున్నవాడు ఆండ్రెస్ ఫ్రాయిండ్. అర సెకను! ఆ శ్రద్ధకు దండం పెట్టాలి. ఆ శ్రద్ధ అలవడేది తన చేత్తో తాను పని చేసుకునేవాళ్లకే.

బాన్సువాడ కాలేజీల్లో, కంప్యూటర్ శిక్షణ కేంద్రాల్లో పాఠం చెప్పే అయ్యవార్లకు నా విన్నపం. రైట్ క్లిక్ నేర్పి సర్టిఫికెట్ చేతిలో పెట్టకండి. లైనక్స్ కొనక్కర్లేదు. తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ తెచ్చిన ‘స్వేచ్ఛ’ లాంటి సంస్థ మన రాష్ట్రంలోనే ఉంది. ఒక్క పూట చాలు. టార్, అన్‌జిప్, బీజిప్2 చేత్తో కొట్టించండి. ఫైలు మారలేదని షా256తో సరిచూడటం, ‘అన్‌జిప్ -టీ’తో పరీక్షించడం అలవాటు చేయండి. పరీక్షగా తెలుగు వికీపీడియా ఫైలు ఇచ్చి, ఎవరి ఊరి పేజీ వాళ్లను తీసి చూపించమనండి. తీసినవాడికే పాస్ మార్కులు వేయండి.