నిలిచిన బండిలో నిలువని కరెంటు

వాన యెగవేసిన యేట అనంతపురపు సీమలో సరకుబండ్ల బ్యాటరీలు తఱచుగా చచ్చుట నేను బహుకాలముగా గమనించుచున్న విషయము. ఎండయే కారణమని పలువురందురు. అదియు కొంత నిజమే, 40 డిగ్రీలు దాటిన వేడిమిలో బ్యాటరీలోని నీరు తఱుగును, నిలువయున్న శక్తియు తనంత తానే వేగముగా క్షీణించును. కాని వేరుసెనగ పండి, కక్కలపల్లి టమాటా మండీకి బాడుగలు దొరకునంతకాలము బండి దినదినము తిరుగును గనుక, రాత్రి చాటుగా పోయిన కరెంటును పగలు డైనమో పూడ్చివేయును. లోపమున్నట్లే యజమానికి పొడగట్టదు. పంట యెండి, బాడుగలు లేక, బండి వేపచెట్టు క్రింద వారముల తరబడి నిలిచిననాడు గదా, తాళము త్రిప్పగా సెల్ఫు ‘టక్కు’మని యూరకుండును!

మా పాత టాటా 207కును ఇదియే గతి పట్టినది. క్రొత్త బ్యాటరీ వేయింపుమని హితవు చెప్పినవారే యందఱును. కొలవక కొనుట నాకు సమ్మతము గాదు. పాతూరినుండి వచ్చిన ఆటో ఎలక్ట్రీషియను, తలుపులన్నియు మూయించి, తాళపుచెవి తీయించి, నెగటివ్ క్లాంపు నూడదీసి, ఆ తీగకును బ్యాటరీకిని నడుమ మీటరును 10 ఆంపియర్ల గుర్తుపై నుంచి కలిపెను. మీటరు తగిలించియుండగా సెల్ఫు కొట్టరాదనియు, కొట్టినచో దానిలోని ఫ్యూజు మాడుననియు ముందే హెచ్చరించెను. అంకె అర ఆంపియరు దగ్గఱ నిలిచినది. “బ్యాటరీ బాగుండాది సార్, ఏదో తింటాండాది” అనెను.

అర ఆంపియరు చూపునకు స్వల్పమే. కాని దినమునకు 12 ఆంపియర్-గంటలు హరించి, 75 ఆంపియర్-గంటల బ్యాటరీని వారము తిరుగకముందే పీల్చివేయును. పెనుకొండ దాపున 2019 నుండి తయారగుచున్న కియా కార్లవంటి క్రొత్త బండ్లలోనైతే, తాళము తీసిన పిమ్మట లోపలి కంప్యూటర్లు నిద్రించువఱకు వేచియుండి కొలువవలెను. అప్పటికిని 50 మిల్లీ ఆంపియర్ల లోపు పోవుట సహజముగా నెంచబడును. కంప్యూటరే లేని మా బండికి, స్టీరియో జ్ఞాపకమునకు కావలసిన పిసరంత తప్ప, వేఱు ఖర్చుండరాదు.

పిమ్మట ఆతడు, చెరువు కాలువలో నీరెచ్చటినుండి కారుచున్నదో తెలియుటకు నీరుగట్టి యొక్కొక్క తూము మూసి చూచునట్లు, ఒక్కొక్క ఫ్యూజు నూడబెఱికి మీటరు వంక చూడసాగెను. హారను, లైట్లు, వైపరు, స్టీరియో, అంకె కదలలేదు. ఇచ్చట చాలమంది విసిగి, వైరింగంతయు మార్చవలెనని తీర్పు చెప్పుదురు. ఈతడు మాత్రము బానెట్టు క్రిందికి వంగి, డైనమో వెనుకనున్న లావుపాటి తీగ నట్టు విప్పి, తీగను ప్రక్కకు తొలగించెను. అంకె తటాలున పడిపోయినది. ఆ తీగ ఫ్యూజుల పెట్టెతో సంబంధము లేక నేరుగా బ్యాటరీకి పోవును. డైనమోలో పుట్టిన కరెంటును ఒక్క దిక్కునకే పోనిచ్చుటకు డయోడులుండును. వానిలో నొకటి చెడెనా, ఇంజను ఆగిన వేళ కరెంటు వెనుకకు పాఱును.

డయోడుల ప్లేటు మార్చిన పిదప మీటరు 20 మిల్లీ ఆంపియర్లు చూపెను. 1859లో ప్లాంటే అను శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన ఈ సీసపు బ్యాటరీకి నాటినుండి నేటివఱకు పోని దుర్గుణమొకటి కలదు: ఖాళీగా పడియున్నచో పలకలపై సీసపు సల్ఫేటు గట్టిపడి, మరల పూర్తిగా శక్తి నిలువనీయదు. అందుచేత దానిని తొందరపెట్టక తక్కువ కరెంటుతో రాత్రియంతయు ఛార్జి చేయించితిమి. బాడుగలు లేని నెలలలో నెగటివ్ తీగ నూడదీసి యుంచుట క్షేమమని ఎలక్ట్రీషియను చెప్పెను. స్టీరియోలో కుదుర్చుకొన్న స్టేషన్లన్నియు పోవునని మా డ్రైవరు మాత్రము ఇంకను ఒప్పుకొనలేదు.