ఫ్రాక్టల్ బొమ్మ వెనక పేర్లు

ఎంత పెద్దది చేసి చూసినా కొత్త వివరం బయటపడుతూనే ఉండే ఆకృతి ఫ్రాక్టల్. ముక్కలో మొత్తం పోలికలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. ఫ్రాన్సుకు చెందిన గాస్టన్ జూలియా 1918లోనే ఇలాంటి సమితుల మీద పరిశోధన ప్రచురించాడు గాని, వాటిని గీసి చూసే సాధనం అప్పటికి లేదు. 1975లో బెన్వా మాండెల్‌బ్రాట్ ఈ ఆకృతులకు ఫ్రాక్టల్ అని పేరు పెట్టాడు. ఆయన పేరుతోనే స్థిరపడిన సమితిని 1985 ఆగస్టులో సైంటిఫిక్ అమెరికన్ పత్రిక ముఖచిత్రంగా వేశాక, ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లెందరో ఈ బొమ్మలకు అలవాటు పడ్డారు.

ఇందులోని లెక్క ఇంటర్మీడియట్‌లో సంకీర్ణ సంఖ్యలు చదివినవారికి అందేదే. తెర మీది ప్రతి పిక్సెల్‌కూ ఒక సంకీర్ణ సంఖ్య ఉంటుంది. సున్నాతో మొదలుపెట్టి, వర్గం చేసి, ఆ సంఖ్యను కలపాలి. వచ్చినదాన్ని మళ్లీ వర్గం చేసి, మళ్లీ అదే కలపాలి. పరిమాణం 2 దాటిందంటే ఇక అది అనంతం వైపే పోతుంది. ఎన్నో విడతలో దాటిందన్నదాన్ని బట్టి ఆ పిక్సెల్‌కు రంగు. ఎన్ని విడతలైనా దాటనివి సమితి లోపలి బిందువులు. వాటికి మామూలుగా నలుపు వేస్తారు.

అందమంతా అంచులోనే ఉంది. గుండె ఆకారపు పెద్ద భాగానికీ, దాని పక్కనున్న గుండ్రటి భాగానికీ మధ్య ఇరుకును సముద్రపు గుర్రాల లోయ అంటారు. కొత్తవారు ముందుగా చేరేది చాలావరకు అక్కడికే. లెక్క యంత్రానిదే అయినా ఎక్కడ ఆగాలో, ఏది చట్రంలో ఉంచాలో నిర్ణయించేది మనిషి కన్నే. విడతలు తక్కువైతే సన్నని తీగలు నలుపులో మునిగిపోతాయి. రంగులు మెట్లుమెట్లుగా కనిపిస్తే, విడతల సంఖ్యను భిన్నాలలోకి మార్చి నునుపు చేస్తారు. గరుకు పోవాలంటే ఒక్కో పిక్సెల్‌లో నాలుగైదు చోట్ల లెక్కకట్టి సగటు తీయాలి. అన్నిటికంటే కష్టమైనది రంగుల ఎంపిక. మెరిసే రంగులన్నీ ఒకేసారి కుమ్మరిస్తే ఆకృతి చచ్చిపోతుంది.

1992లో స్కాట్ డ్రేవ్స్ రూపొందించిన ఫ్రాక్టల్ జ్వాలల పద్ధతి వేరు. కొన్ని ప్రమేయాలలో ఒకదాన్ని యాదృచ్ఛికంగా ఎంచుకుంటూ ఒక బిందువును లక్షలసార్లు గెంతిస్తారు. అది ఎక్కువసార్లు వాలిన చోట ఎక్కువ వెలుగు. 2009లో డేనియల్ వైట్, పాల్ నైలాండర్‌ల కృషితో మాండెల్‌బల్బ్ అనే త్రిమితీయ రూపం వచ్చింది.

ఈ అభిరుచి ఇంతగా పెరగడానికి కారణం పంచుకునే అలవాటు. డ్రేవ్స్ తన ప్రోగ్రామును అందరికీ విడుదల చేశాడు. 1988లో మొదలైన ఫ్రాక్టింట్ అనే ప్రోగ్రామును స్టోన్ సూప్ గ్రూప్ అనే ఔత్సాహికుల బృందం ఉచితంగా ఇచ్చింది. దశాంశాల లెక్కకు ప్రత్యేక చిప్ లేని అప్పటి కంప్యూటర్లలోనూ అది పూర్ణాంకాలతోనే వేగంగా పనిచేసేది. అందులో ఒక బొమ్మ అంటే కొన్ని పంక్తుల పాఠం మాత్రమే: సూత్రం, స్థానం, రంగులు. ఆ పంక్తులు దొరికితే ఎవరైనా అదే బొమ్మను తెరిచి మార్చుకోవచ్చు. అల్ట్రా ఫ్రాక్టల్ అనే మరో ప్రోగ్రాము వాడేవారికి ఇతరులు రాసిన సూత్రాల ఉమ్మడి భండారం ఉంది. బొమ్మను పెద్దది చేస్తూ ఇంకా లోతుకు వెళ్తే మామూలు కంప్యూటర్ సంఖ్యల కచ్చితత్వం చాలదు. ఆ లెక్కను ఎంతో వేగిరపరిచే ఉపాయాన్ని 2013లో కె.ఐ. మార్టిన్ దాచుకోకుండా బయటపెట్టాడు.

అందుకే బొమ్మ కింద సూత్రం రాసినవారి పేరు, మొదటి పంక్తులు ఇచ్చినవారి పేరు వేయడం ఇక్కడి మర్యాద. కృతజ్ఞత రోజువారీ పనిలో భాగమయ్యేది ఇలాగే. కొత్తగా చేరేవారు ఇతరులు ఉంచిన పంక్తులను తెరిచి, ఒకసారికి ఒక్క సంఖ్యనే మారుస్తూ చూడడం మేలు. ఏ అంకె దేన్ని కదిలిస్తుందో తెలుస్తుంది, ఎవరి పేరు వేయాలో కూడా తెలుస్తుంది.