లోతు తెలిశాకే ఈత

దిగితేగానీ లోతు తెలియదంటాం మనం. ఫిన్లాండ్‌లో వేసవి విడిదికి వెళ్లేవాళ్లు పిల్లలకు నేర్పేది దీనికి సరిగ్గా ఎదురు: లోతు తెలిశాకే దిగాలి.

జూన్ మొదట్లో అక్కడ బడులకు సెలవులిస్తారు. నెల రెండో సగంలో నడివేసవి పండుగ యుహన్నుస్ వచ్చేసరికి హెల్సింకీ వీధులు బోసిపోతాయి. జనమంతా మోక్కికి చేరతారు. మోక్కి అంటే చెట్ల మధ్య, వీలైతే నీటి ఒడ్డున, కట్టుకున్న చిన్న చెక్క ఇల్లు. సుమారు 56 లక్షల మంది ఉన్న దేశంలో ఇలాంటి వేసవి ఇళ్లు 5 లక్షలకు పైగా ఉన్నాయి. చాలావాటికి కుళాయి ఉండదు. స్నానమంటే ఒడ్డున ఉన్న సౌనా గదిలో ఒళ్లంతా చెమట పట్టేదాకా కూర్చుని, ఆ వేడితోనే సరస్సులోకి దిగడం. ఈ సౌనా సంస్కృతిని యునెస్కో 2020లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

నీటికి అక్కడ కొదవ లేదు. చిన్న మడుగులతో కలిపి లెక్కిస్తే సరస్సులు సుమారు 1,88,000. రక్షిత ప్రాంతాల్లాంటి కొన్ని చోట్ల తప్ప ఎక్కడైనా ఈదవచ్చు. ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు, రుసుము కట్టనక్కర్లేదు. దీన్ని వాళ్లు ప్రతి మనిషికీ ఉన్న హక్కుగా పాటిస్తారు. అయితే పక్కవాళ్ల పెరట్లోంచి నడవకూడదు, వాళ్లు కట్టుకున్న చెక్క రేవును వాడుకోకూడదు. ఇంత స్వేచ్ఛ ఉన్నచోట ప్రతి ఒడ్డునా కాపలా ఉండదు, తాడు కట్టిన హద్దూ ఉండదు. అందుకే నీటిని చూసి పోల్చుకునే విద్య ఎవరికి వాళ్లకు వచ్చి ఉండాలి. ఆ హక్కు నిలబడేది ఈ విద్య మీదే.

వెతుకులాట పటంతో మొదలవుతుంది. మంచుయుగం ముగిసే కాలంలో కరుగుతున్న మంచు కింది ప్రవాహాలు ఇసుకనూ గులకరాళ్లనూ పొడవాటి మిట్టలుగా పోసి వెళ్లాయి. అలాంటి మిట్ట సరస్సును తాకేచోట మంచి ఇసుక ఒడ్డు దొరికే అవకాశం ఎక్కువ. దేశంలోకెల్లా పెద్దదైన సైమా సరస్సు ప్రాంతంలోని పుంకహర్యు ఇందుకు పేరుపడ్డ చోటు. సుమారు 7 కిలోమీటర్ల సన్నని మిట్ట, మీద పైన్ చెట్లు, రెండు పక్కలా నీళ్లు.

ఒడ్డుకు చేరాక మొక్కల్ని చూడాలి. జమ్ము, రెల్లు దట్టంగా ఉంటే అడుగున మెత్తటి బురద ఉందన్నమాట. కలువలు పరుచుకుని ఉంటే నీళ్లు కదలకుండా నిలిచి ఉన్నాయని అర్థం. వాటి కాడలు కాళ్లకు చుట్టుకుంటాయి. నత్తలు, బాతులు ఉండే వెచ్చని లోతు తక్కువ నీళ్లలో ఈదితే ఒక్కోసారి ఒంటి మీద దురద దద్దుర్లు లేస్తాయి. అలాంటిచోట దిగితే బయటికి రాగానే ఒళ్లు గట్టిగా తుడుచుకోవాలి. మంచు అరగదీసిన నున్నటి రాతి పలకలు కూర్చోవడానికి హాయిగా ఉంటాయి కానీ, నీళ్లు తాకేచోట పాచి పట్టి జారతాయి. గట్టు మీద పలక నిట్టనిలువుగా ఉంటే నీటి కింద కూడా అలాగే దిగిపోయి ఉంటుందని అనుకోవాలి. రెండడుగుల్లోనే నిలువు లోతు రావచ్చు.

తర్వాత గాలి. ఎండకు కాగిన పైపొరను గాలి ఎదుటి ఒడ్డుకు నెట్టుకుపోతుంది. గాలి వచ్చేవైపు ఒడ్డున దాని స్థానంలోకి కింది చల్లని నీరు లేస్తుంది. ఒకే సరస్సులో ఒకేరోజు రెండు ఒడ్డులకూ వెచ్చదనంలో అంత తేడా రావడానికి కారణం ఇదే. వెచ్చని నీళ్లు కావాలంటే గాలి వెళ్లేవైపుకు పోవాలి. కానీ తేలే నాచును కూడా గాలి అటే చేరుస్తుంది. కాబట్టి ఆ ఒడ్డున దిగేముందు నీళ్లను పరీక్షించి తీరాలి.

నీళ్ల రంగు చూసి మాత్రం భయపడనక్కర్లేదు. చిత్తడి నేలల నుంచి వచ్చే సేంద్రియ పదార్థం వల్ల అక్కడి చాలా సరస్సులు టీ డికాషన్ రంగులో ఉంటాయి. అది మురికి కాదు. భయపడవలసింది ఎండలు ముదిరాక పైన తెట్టు కట్టే నీలి ఆకుపచ్చ నాచుకు. శాస్త్రవేత్తలు సైనోబ్యాక్టీరియా అనేది దీన్నే. దీన్ని కనిపెట్టడానికి ఒక పుల్ల, ఒక గాజు గ్లాసు చాలు. ఆకుపచ్చగా ఉన్నచోట పుల్లతో కలిపి పైకెత్తితే పీచులా దానికి చుట్టుకుందా, అది మామూలు పీచు నాచు. నలుసులుగా చెదిరిపోయిందా, అనుమానించాలి. అప్పుడు గ్లాసులో నీళ్లు ముంచి ఓ గంట కదపకుండా ఉంచుతారు. సన్నని ఆకుపచ్చ రేణువులు పైకి తేలి పొరకడితే ఆ రోజుకు అక్కడ ఈత లేదు. పిల్లల్నీ కుక్కల్నీ ఒడ్డుకు రానివ్వరు. ఆ నీళ్లను సౌనాలో కాగిన రాళ్ల మీద కూడా పోయరు, ఎందుకంటే కాచినంత మాత్రాన దాని విషం పోదు.

దిగడానికీ ఒక క్రమం ఉంది. తెలియని నీళ్లలోకి తల ముందుగా దూకరు. అడుగు తడుముకుంటూ నడుము లోతు దాకా నడిచి, చన్నీళ్లకు ఒళ్లు అలవాటు పడనిస్తారు. పైపొర ఎంత వెచ్చగా ఉన్నా కింద వణికించే చల్లదనం ఉంటుంది. నడిమధ్యకు పోకుండా, కాళ్లు అందే లోతులో, ఒడ్డు వెంబడే ఈదుతారు. ఒంటరిగా దిగకూడదు, తాగి అసలే దిగకూడదు. ఈ మాట మరిచిన పండుగ రోజుల్లో అక్కడా ప్రాణాలు పోతుంటాయి. సబ్బు స్నానం మాత్రం నీటికి దూరంగా, నేల మీదే. సబ్బు నీళ్లను మట్టి పీల్చుకోవాలి గానీ సరస్సులో కలవనివ్వరు.

ఈ సంప్రదాయాన్ని నేను ఇంతగా గౌరవించేది అది పిల్లలకిచ్చే ధైర్యాన్ని చూసి. అది మూర్ఖపు ధైర్యం కాదు, ఎరుకతో వచ్చినది. ఫిన్లాండ్‌తో సహా నార్డిక్ దేశాల్లో ఈత వచ్చినట్టు ఒప్పుకోవడానికి ఒక కొలత ఉంది. లోతు నీళ్లలో పడి, తల మునిగి, తేలి, ఆపైన 200 మీటర్లు ఈదాలి. అందులో 50 మీటర్లు వెల్లకిలా ఈదాలి. కావాలని దిగినప్పుడే కాదు, కాలుజారి పడినప్పుడు కూడా పనికొచ్చే ఈత అది.

మన పల్లెల్లోనూ ఇలాంటి విద్య ఉండేది. నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టి దిగుడు బావిలో ఈత నేర్పిన పెద్దవాళ్లే, కాలువలో సుడి ఎక్కడ తిరుగుతుందో, ఏట్లో గుంట ఎక్కడుందో చెప్పేవారు. ఆ బావులు చాలావరకు పూడిపోయాయి. ఇప్పటి పిల్లలు నేర్చుకుంటే పట్నంలో ఈతకొలనులో నేర్చుకుంటున్నారు. అక్కడ లోతు గట్టు మీదే రాసి ఉంటుంది. గోదావరిలోనూ క్వారీ గుంటలోనూ ఎవరు రాసిపెడతారు? ప్రతి వేసవిలోనూ సెలవులకు వెళ్లిన పిల్లలు మునిగిపోయిన వార్తలు చదువుతూనే ఉన్నాం. అలా పోయేవాళ్లలో ఈత వచ్చినవాళ్లూ ఉంటున్నారు.

నీటి దగ్గరికి వెళ్లొద్దని గదమాయించడం తేలిక. కానీ పిల్లలు వెళ్లకుండా ఉండరు, వేసవిలో నీళ్లు పిలవకుండా ఉండవు. అందుకే ఈత నేర్పే ప్రతి బడిలో, ప్రతి ఇంట్లో రెండో పాఠం కూడా ఉండాలి. పిల్లల్ని చెరువు గట్టుకు తీసుకెళ్లి, నీళ్లలోకి దించకముందే అడగాలి: అడుగున ఏముంది? గాలి ఎటు? కాళ్లు ఎక్కడిదాకా అందుతాయి? జవాబులు చెప్పగలిగిన పిల్లల్ని, పెద్దవాళ్లు వెంట ఉండి, నిశ్చింతగా ఈదనివ్వచ్చు.