గ్రావెల్ సైకిల్‌కు రెండో జత చక్రాలు

మట్టిదారి కోసం గ్రావెల్ సైకిల్‌కు వేసే 40 మి.మీ. గుబ్బల టైరు తారురోడ్డు ఎక్కగానే రొద మొదలుపెడుతుంది, కాళ్ల సత్తువలో కొంత మింగేస్తుంది. దాన్ని విప్పి నున్నటి టైరు వేసుకుంటే సరిపోతుంది కదా అనిపించవచ్చు. ట్యూబులు వేసుకున్న రోజుల్లో సరిపోయేది. ట్యూబ్‌లెస్ టైరు మార్చడమంటే లోపలి సీలెంట్ నేలపాలవడం, రిమ్ముకు అతుక్కున్న అంచును ఊడబెరకడం, కొత్తది టప్పుమని కూర్చునేదాకా గాలి కొట్టడం. శనివారం మట్టి, ఆదివారం తారు తొక్కేవారు వారం వారం ఈ చాకిరీ చేయలేరు. టైరు, డిస్క్, క్యాసెట్ బిగించి సిద్ధంగా ఉన్న రెండో జత ఉంటే ఇరుసులు విప్పి బిగించడంతో పని ముగుస్తుంది. రెండో జతకు మొదటి లాభం ఈ సౌకర్యమే. తారు మీద దక్కే వేగంలో పెద్ద వాటా టైరుది, ఆ తర్వాతే చక్రానిది. కొనేవారు చాలామంది దీన్ని తలకిందులు చేసి, డబ్బంతా కార్బన్ రిమ్ము మీద పోసి టైరు దగ్గర పిసినారితనం చూపుతారు.

ముందుగా చూడవలసింది కొలతల పొందిక. ఇప్పటి గ్రావెల్ ఫ్రేముల్లో ఎక్కువ భాగానికి ముందు హబ్బు వెడల్పు 100 మి.మీ., వెనకది 142 మి.మీ., రెండింటికీ 12 మి.మీ. త్రూ యాక్సిల్. పాత ఫ్రేముల్లో ముందు 15 మి.మీ. యాక్సిల్, వెనక 135 మి.మీ. క్విక్ రిలీజ్ కూడా కనిపిస్తాయి. డిస్క్ బిగింపు ఆరు బోల్టులదైనా, సెంటర్ లాక్ అయినా ఫ్రేముకు పట్టింపు లేదు. డిస్క్ వ్యాసం మాత్రం మొదటి జతకు ఎంత ఉందో అంతే ఉండాలి: 160 ఉన్నచోట 160, 140 ఉన్నచోట 140. ఎక్కువమంది పొరబడేది క్యాసెట్ ఎక్కే ఫ్రీహబ్ బాడీ దగ్గర. షిమానో గ్రావెల్ గేర్ల సెట్టైన 12 స్పీడ్ జీఆర్ఎక్స్‌లోనే రెండు దారులున్నాయి. ముందు రెండు చైన్‌రింగులుండి వెనక 11-34 లేదా 11-36 క్యాసెట్ అయితే అది పాత హెచ్‌జీ బాడీ మీదే ఎక్కుతుంది. ముందు ఒకటే ఉండి 10-45 లేదా 10-51 అయితే మైక్రో స్ప్లైన్ కావాలి. పది పళ్లతో మొదలయ్యే స్రామ్ 12 స్పీడ్ రోడ్డు క్యాసెట్లకు ఎక్స్‌డీఆర్, క్యాంపగ్నోలో ఎకర్‌కు ఎన్3డబ్ల్యూ. సైకిల్ పేరు చెప్పి చక్రాలు తెప్పించుకుంటే చాలదు. క్యాసెట్ మీద చెక్కిన పళ్ల సంఖ్య చూసి చెప్పాలి.

ఇక టైరు. 700సి రిమ్ము మీద టైరు కూర్చునే వ్యాసం 622 మి.మీ. అందులో సగం 311కు టైరు ఎత్తు కలిపితే ఇరుసు నేలకు ఎంత ఎత్తున ఉంటుందో వస్తుంది. 40 టైరుకు 351, 28 టైరుకు 339. అంటే రోడ్డు టైరు వేయగానే సైకిల్ మొత్తం 12 మి.మీ. కిందికి దిగుతుంది. గ్రావెల్ ఫ్రేముల్లో పెడళ్ల ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ చక్రాల ఇరుసుల గీతకన్నా 75 మి.మీ. దాకా కిందికి ఉండడం మామూలు. రోడ్డు సైకిళ్లలో అది 70 దగ్గర ఉంటుంది. 75 ఫ్రేముకు 28 టైరు వేస్తే బాటమ్ బ్రాకెట్ ఎత్తు 264 మి.మీ., అదే టైరుతో రోడ్డు సైకిల్‌కు 269. మలుపులో వాలి తొక్కేటప్పుడు పెడల్ నేలకు రాసుకోవడానికి ఈ కొద్ది తేడా కూడా తోడవుతుంది. 32 టైరు వేస్తే 268 వస్తుంది, రోడ్డు సైకిల్‌తో దాదాపు సమానం. రోడ్డు టైరంటే సన్నగా ఉండాలన్న పాత అలవాటును ఈ లెక్క ఒక్కటే పక్కన పెట్టిస్తుంది.

దారి కూడా అదే చెబుతుంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు వెంట 2023 అక్టోబరు 1న తెరిచిన 23 కి.మీ. సోలార్ కప్పు ట్రాక్ మీద 28 టైరు ఏ లోటూ లేకుండా పరుగెడుతుంది. అక్కడి నుంచి చేవెళ్ల మీదుగా వికారాబాద్ వైపు సాగితే ఊరూరికీ స్పీడ్ బ్రేకర్లు, రంబుల్ స్ట్రిప్పులు, అతుకులేసిన తారు ఎదురవుతాయి. లారీకి దారిచ్చి అంచుకు జరిగితే అక్కడ పల్లేరు కాయలు, సర్కారు తుమ్మ ముళ్లు. ఇలాంటి చోట 32 మి.మీ. ట్యూబ్‌లెస్ టైరు, లోపల సీలెంట్ ఉంటే ముల్లు దిగినా చాలాసార్లు ఆగకుండానే సాగిపోవచ్చు. గడువులోగా ముగించాల్సిన దూరప్రయాణాలు, అంటే బ్రెవెట్లు తొక్కేవారికైతే వేరే ఆలోచనే అక్కర్లేదు: 200 కి.మీ.కు పదమూడున్నర గంటలు, 600 కి.మీ.కు 40 గంటలు గడువిచ్చే ప్రయాణంలో అరచేతులు, నడుము నిలబడితేనే వేగం నిలబడుతుంది. 75 కిలోల మనిషికి 28లో సుమారు 70 పీఎస్ఐ గాలి కావలసి వస్తే, 32లో 55-60 సరిపోతుంది.

గాలి ఒత్తిడి లెక్క రిమ్ము ఎంపికకూ ముడిపడి ఉంది. 28-32 టైర్లకు లోపలి వెడల్పు 21-23 మి.మీ. ఉన్న రిమ్ము బాగా కుదురుతుంది. అంచుకు లోపలి వైపు కొక్కెం ఉన్న రిమ్ములు, లేని హుక్‌లెస్ రిమ్ములు రెండూ దొరుకుతాయి. హుక్‌లెస్ రిమ్ము మీద గాలి 5 బార్లు, అంటే 72.5 పీఎస్ఐ దాటకూడదన్నది ప్రమాణాల నియమం. టైరు కూడా ఆ రిమ్ముకు పనికొస్తుందని తయారీదారు చెప్పినదై ఉండాలి. 2024 ఫిబ్రవరి యూఏఈ టూర్‌లో రేసర్ థామస్ డి గెంట్ పడినప్పుడు టైరు రిమ్ము నుంచి ఊడిన దృశ్యం హుక్‌లెస్ రకం మీద పెద్ద వాదం లేపింది. రాయి తగలడమే కారణమన్నవారూ ఉన్నారు. గ్రావెల్ టైరుకు 30-35 పీఎస్ఐ మాత్రమే వేస్తారు కాబట్టి అక్కడ ఈ చర్చకు అంత బరువు లేదు. రోడ్డు జతకు, ముఖ్యంగా ఒళ్లు బరువున్నవారికి, కొక్కెం ఉన్న రిమ్మే మేలు. పది గ్రాములు పెరిగితే పెరగనీ.

గ్రాముల సంగతి వచ్చింది కాబట్టి ఒక చిన్న లెక్క. తిరిగే అంచు మీద బరువు వేగం అందుకునేటప్పుడు రెట్టింపుగా లెక్కకొస్తుంది, అంతవరకు నిజం. ఖరీదైన జత 400 గ్రాములు తగ్గించి, అదంతా అంచు దగ్గరే తగ్గిందనుకున్నా లెక్కకొచ్చేది 800 గ్రాములు. మనిషి, సైకిల్ కలిసి 85 కిలోలైతే అది ఒక శాతం లోపే. వికారాబాద్ దగ్గరి అనంతగిరి కొండ ఎక్కేటప్పుడు రెట్టింపు కూడా వర్తించదు, అర శాతం దగ్గర ఆగిపోతుంది. గుబ్బల 40 టైర్ల జత తీసి నున్నటి 32 జత వేస్తే అంతకు దగ్గరగా బరువు తగ్గుతుంది, పైగా దొర్లుడు సులువవుతుంది. లోతైన రిమ్ముల గాలికోత మాటా ఇలాంటిదే. చక్రాల కంపెనీ జిప్‌లో పనిచేసిన జాష్ పోర్ట్‌నర్ పేరుతో వినిపించే 105 శాతం సూత్రం ప్రకారం రిమ్ము బయటి వెడల్పు టైరు వెడల్పుకన్నా 5 శాతమైనా ఎక్కువ ఉండాలి. 28 టైరుకు అది 29.4 మి.మీ., 32కు 33.6. మామూలు రోడ్డు రిమ్ము మీద 32 టైరు వేసినవారు ఆ లాభంలో కొంత ముందే వదులుకున్నట్టు. గంటకు 23-25 కి.మీ. వేగంతో పోయేవారికి అల్యూమినియం రిమ్ము చాలు.

స్పోకుల విషయంలో మాట సూటి: తల దగ్గర వంపున్న మామూలు స్పోకులు, కనీసం 24, బరువున్నవారికి 28. నిటారు స్పోకులు, కంపెనీ సొంత కొలతలవి తెగితే వీధి చివరి సైకిల్ షాపులో దొరకవు. వంపు స్పోకైతే సరైన పొడవుది వెతికి వేసి, రిమ్ముకు బెండు తీయగల మేస్త్రీ ఏ పట్టణంలోనైనా దొరికే అవకాశం ఉంది.

రోడ్డు జతకు వేరే క్యాసెట్ వేయాలా అన్నది తరచూ వచ్చే ప్రశ్న. ముందు ఒకే చైన్‌రింగు ఉన్నవారు 11-42 బదులు 11-34 వేస్తే గేర్ల మధ్య ఎడం తగ్గుతుందని ఆశపడతారు. షిమానో 11 స్పీడ్‌లో ఈ రెండు క్యాసెట్లకూ 11, 13, 15, 17, 19, 21 వరకు పళ్లు ఒకటే. తారు మీద ఎక్కువసేపు ఉండేది అక్కడే, మార్పు కనిపించేది ఎక్కుడులో మాత్రమే. పైగా 11-42కు వేసే జీఆర్ఎక్స్ డీరైలర్‌ను పెద్ద పన్ను 40-42 ఉండేలా రూపొందించారు, 34తో గేరు మారడం మందగిస్తుంది. అందుకని రెండు జతలకూ ఒకే క్యాసెట్ ఉంచడం మంచిది. 40 పళ్ల చైన్‌రింగు, 11 పన్ను, 32 టైరుతో నిమిషానికి 90 సార్లు తొక్కితే గంటకు 42 కి.మీ. వస్తుంది, చాలామందికి దిగుడులో తప్ప అది కూడా ఎక్కువే.

చక్రాలు మార్చిన ప్రతిసారీ బ్రేకు, గేరు సర్దుకోవలసి వస్తే రెండో జత కొన్న ప్రయోజనమే పోతుంది. వీలైతే హబ్బులు రెండు జతలకూ ఒకే రకానివి తీసుకోవాలి. వేరువేరైతే డిస్క్ అర మిల్లీమీటరు పక్కకు పడినా ప్యాడ్ రాసుకుంటుంది. అప్పుడు ఒక జతలో డిస్క్ కింద 0.2 మి.మీ. పలుచని షిమ్ములు వేసి రెండో జతకు సమం చేస్తారు. డిస్కులు కూడా ఒకే మోడల్ అయితే మేలు. చవక డిస్కుల మీద రెజిన్ ప్యాడ్లకు మాత్రమే అని రాసి ఉంటే, సైకిల్‌కు మెటల్ ప్యాడ్లు ఉన్నప్పుడు అవి పనికిరావు. చైన్ రెండు క్యాసెట్ల మీదా తిరుగుతుంది కాబట్టి అరుగుదల 0.5 శాతం చేరగానే మార్చాలి. ఆలస్యం చేస్తే ఎక్కువ వాడిన క్యాసెట్ మీద బాగానే నడిచిన చైన్ తక్కువ వాడినదాని మీద జారుతుంది.

వాడని జతను ఎండ తగలని చోట, డిస్కులకు నూనె చేయి తగలకుండా వేలాడదీయాలి. కదలకుండా ఉంటే సీలెంట్ ఒక్కచోటే చేరి గట్టిపడుతుంది. వేసవిలో నెలకోసారి వాల్వు విప్పి, సన్నటి పుల్ల దించి తడి ఉందో లేదో చూసుకుని, ఎండిపోతే అదే దారిన కొత్తది పోస్తే సరి.