బూడిదలోనుండి వచ్చినవారు: 'కాట్లా' ధారావాహికపై ప్రేక్షకుల అభిప్రాయములు – ఒక దైవశాస్త్ర పరిశీలన

ఉపోద్ఘాతము

మా సంఘములోని యౌవనులు కొందరు ఒక ఆదివారము ఆరాధన అయిన తరువాత ఒక ప్రశ్నతో నా యొద్దకు వచ్చారు. ఐస్‌లాండ్ దేశములో తీసిన 'కాట్లా' అను ధారావాహికను వారు ఫోనులో చూస్తున్నారు. "అయ్యగారూ, అందులో చనిపోయినవాళ్ళు తిరిగి వస్తారు. అది పునరుత్థానం లాంటిదేనా?" అని ఒక అమ్మాయి అడిగింది. "ముందు ఆ కథ ఎప్పటికి కదులుతుందో చెప్పమనండి. నేను రెండు భాగాలు చూసి మానేశాను" అన్నాడు ప్రక్కనున్న అబ్బాయి. ఆ రోజు వారికి తగిన జవాబు చెప్పలేకపోయాను. ఆ తరువాత ఎనిమిది భాగములూ నేనే చూశాను.

ఈ వ్యాసము వారిద్దరికీ జవాబు. ఆ అబ్బాయి తప్పుగా ఎంచిన నెమ్మదితనమే ఈ ధారావాహికలోని మేలైన గుణమనియు, ఆ అమ్మాయి పునరుత్థానమువలె ఉన్నదనుకొన్నది నిజమునకు పునరుత్థానమునకు వ్యతిరేకమైనదనియు చూపుట దీని ఉద్దేశము. ఈ రెండు సంగతులును దుఃఖములో ఉన్న ఇంటి గుమ్మము ఎక్కే ప్రతి కాపరికి సంబంధించినవి. కథ ముగింపును ప్రస్తావించక తప్పదు గనుక ఇంకా చూడనివారు ఈ సంగతి గమనించగలరు.

1. కథా నేపథ్యము

కాట్లా ఐస్‌లాండ్ దక్షిణ భాగమున మీర్దాల్స్‌యోకుల్ అను హిమానీనదము క్రింద ఉన్న నిజమైన అగ్నిపర్వతము. 1918 అక్టోబరులో అది బ్రద్దలైనప్పుడు కరిగిన మంచు వరదయై, తెచ్చిన మట్టితోను బూడిదతోను సముద్ర తీరమునే ముందుకు జరిపింది. దాని సమీపమున వీక్ అను చిన్న ఊరు ఉన్నది. ఆ ఊరి దేవాలయము కొండ మీద కట్టబడినది. కాట్లా మరల లేచి వరద వస్తే ఊరివారందరు ఆ దేవాలయమునకు ఎక్కవలెనని అక్కడ ముందుగానే అభ్యాసము చేయిస్తారు.

ఈ ధారావాహికను బాల్తసార్ కోర్మాకూర్, సిగుర్‌యోన్ క్యార్టాన్సన్ రూపొందించారు. 2021 జూన్ 17న నెట్‌ఫ్లిక్స్‌లో విడుదలైనది. కథలో కాట్లా లేచి ఒక సంవత్సరమైనను ఇంకా చల్లారలేదు. వీక్ ఊరు దాదాపు ఖాళీ అయినది. మిగిలినవారిలో గ్రీమా అను యువతి ఒకరు. విస్ఫోటనపు మొదటి దినములలో తప్పిపోయిన అక్కచెల్లెలు ఆసా మృతదేహమైనను దొరకుతుందేమోనని ఆమె ఇంకా వెదకుచున్నది. అట్టి సమయములో హిమానీనదము వైపునుండి ఒంటినిండా బూడిదతో, దిగంబరముగా, మనుష్యులు ఒక్కొక్కరే నడిచి వస్తారు. ఆసా వస్తుంది. కొన్నేళ్ళ క్రితము చనిపోయిన మికాయెల్ అను బాలుడు అదే వయస్సుతో వస్తాడు. గున్‌హిల్డ్ అను స్వీడన్ స్త్రీ ఇరవై ఏళ్ళ నాటి రూపముతో వస్తుంది. అసలు గున్‌హిల్డ్ వయస్సు మళ్ళి స్వీడన్‌లో బ్రతికే ఉన్నది! పోలీసు అధికారి గీస్లీ భార్య మాగ్నియా మంచము పట్టి ఉండగా ఆరోగ్యవంతురాలైన మరొక మాగ్నియా వస్తుంది. చివరకు గ్రీమాకే ఒక నకలు ఎదురవుతుంది. అనగా వచ్చినవారందరును మృతులు కారు. ఎవరో ఒకరు బలముగా కోరుకొన్న రూపములు.

2. ప్రేక్షకుల అభిప్రాయములు

ఈ ధారావాహికను చూచినవారి మాటలలో ముఖ్యముగా మూడు విమర్శలు వినబడుచున్నవి.

మొదటిది నడకను గూర్చినది. బూడిద కురిసే ఆకాశము, నల్లని ఇసుక తీరము, మాటలు లేని భోజనపు బల్ల బాగున్నవని దాదాపు అందరును అంగీకరిస్తారు. అయితే ఎనిమిది భాగములలో చెప్పినది మూడు గంటలలో చెప్పవచ్చునని అనేకుల ఫిర్యాదు. 2017లో వచ్చిన జర్మనీ ధారావాహిక 'డార్క్' వంటి చిక్కుముడిని ఆశించి వచ్చినవారు మరింత నిరాశపడ్డారు.

రెండవది వివరణను గూర్చినది. అగ్నిపర్వత శాస్త్రవేత్త డారీ, అనగా మికాయెల్ తండ్రి, హిమానీనదము క్రింద ప్రాచీన కాలమున పడిన ఒక ఉల్కను కనుగొంటాడు. ఈ రూపములకు దానిలోని తెలియని పదార్థము కారణమని కథ సూచిస్తుంది. మరొక ప్రక్క హోటలు నడుపు బెర్గ్రూన్ అను పెద్దావిడ ఐస్‌లాండ్ జానపద నమ్మకములోని మార్పిడి బిడ్డల సంగతి చెప్పుతుంది. కొందరు ప్రేక్షకులు విజ్ఞాన శాస్త్రము చాలలేదంటారు, కొందరు ఉల్క అసలే అక్కరలేదంటారు.

మూడవది ముగింపును గూర్చినది. డారీ, అతని భార్య రాకెల్ తిరిగి వచ్చిన ఆ బాలుని సముద్రములో ముంచివేస్తారు. గ్రీమాలిద్దరు తుపాకితో ప్రాణములను పందెము పెట్టగా ఒకరే మిగులుతారు. దీనిని చూచి తట్టుకొనలేకపోయామని కొందరు చెప్పుచుండగా, వారు మనుష్యులు కారు గదా అని కొందరు సమాధానపడుచున్నారు.

ఈ మూడింటిలో రెండవదానితో నేను ఏకీభవిస్తున్నాను. ఉల్క కథకు బలము చేకూర్చలేదు. దుఃఖము ఎందుకు రూపము ధరించినదో అడుగుచున్న కథకు రాయి జవాబు కాలేదు. మొదటి, మూడవ విమర్శలను లేఖనముల వెలుగులో ఆలోచింపవలసి ఉన్నది.

3. నెమ్మది నడకయు విలాపమును

గ్రీమా ఒక సంవత్సరముగా ఒకే పని చేయుచున్నది. అదే మంచు, అదే వెదకులాట, అదే ఖాళీ చేతులతో తిరిగి వచ్చుట. ఈ సంగతిని వేగముగా చూపితే అది సమాచారమవుతుంది గాని దుఃఖము కాదు. శవము దొరకని మరణమును ఎరిగిన కుటుంబములకు ఈ కాలము ఎంత పొడవైనదో తెలుసు. తలుపు చప్పుడైన ప్రతిసారి వారు లేచి చూస్తారు.

లేఖనములు దుఃఖమునకు సమయమిచ్చినవి. యోబు స్నేహితులు చేసిన ఒకే మంచి పని, నోరు తెరువక ఏడు దినములు అతనితో నేల మీద కూర్చుండుట (యోబు 2:13). వారు మాటలాడ మొదలుపెట్టిన తరువాతనే తప్పు జరిగినది. లాజరు రోగియై యున్నాడని విన్న ప్రభువు ఇంకా రెండు దినములు ఉన్నచోటనే నిలిచెను (యోహాను 11:6). లేపబోవుచున్నానని ఎరిగియుండియు సమాధి యొద్ద కన్నీరు విడిచెను (11:35). కొద్ది నిమిషములలో సంతోషము కలుగబోవుచుండగా ఏడ్చుట ఎందుకు? మార్త మరియల దుఃఖము ఆయనకు దాటిపోవలసిన అడ్డు కాదు, వారితో కూడ నిలువవలసిన స్థలము.

సిలువకును ఖాళీ సమాధికిని మధ్య ఒక శనివారము ఉన్నది. ఆ దినమున ఏమీ జరుగలేదు. మన ప్రసంగములు శుక్రవారమునుండి నేరుగా ఆదివారమునకు దూకుచున్నవి. ఈ ధారావాహిక ఎనిమిది భాగముల పొడవునా ఆ శనివారములోనే ఉన్నది. దానిని చూచి విసిగినవారిని నేను నిందింపను. అయితే ఆ విసుగు మనలను గూర్చియు కొంత చెప్పుచున్నది.

4. జ్ఞాపకముచేత చేయబడినవారును మృతులలోనుండి లేచినవాడును

ఇక ఆ అమ్మాయి ప్రశ్న. కాట్లాలో వచ్చినవారు ఎవరి శరీరములోను తిరిగి లేచినవారు కారు. ఆసా ఇంటిలో ఉండగానే అసలు ఆసా శవము గ్రీమాకు కనబడుతుంది. వచ్చిన బాలుడు తండ్రి మనస్సులో ఉన్న మికాయెల్. తండ్రికి తన కుమారుని గూర్చి ఉన్న భయము కూడ ఆ బిడ్డలో రూపము ధరించినది. గ్రీమా నకలు, దుఃఖము తాకకముందున్న గ్రీమా. ఆమె భర్త పోగొట్టుకొన్న భార్య అదే. పోలండ్ రచయిత స్తానిస్లావ్ లెమ్ 1961లో ప్రచురించిన 'సోలారిస్' నవలయు, దాని ఆధారముగా ఆంద్రే తర్కోవ్‌స్కీ తీసి 1972లో విడుదల చేసిన చిత్రమును ఈ మార్గములోనే నడిచినవి. అక్కడను చనిపోయిన భార్య భర్త జ్ఞాపకము మేరకే వస్తుంది, అతడు ఎరుగనిది ఆమెకును తెలియదు.

ఇది గంభీరమైన పరిశీలన. మనము మృతులను కోరునప్పుడు అనేకసార్లు వారిని కాక, మనకు కావలసిన వారి రూపమును కోరుచున్నాము. సౌలు ఏన్దోరుకు పోయినది సమూయేలు మీది ప్రేమచేత కాదు, తన భయమునకు ఒక మాట కావలసి (1 సమూయేలు 28). దావీదు అట్లు చేయలేదు. బిడ్డ బ్రతికియుండగా ఉపవాసముండి వేడుకొనెను, చనిపోగా లేచి స్నానము చేసి ఆరాధించెను. ఆ బిడ్డ తన యొద్దకు తిరిగి రాడనియు తానే వాని యొద్దకు పోవలసినవాడననియు ఒప్పుకొనెను (2 సమూయేలు 12:15-23). ఆ ఒప్పుకోలులో బిడ్డను బిడ్డగా, దేవుని చేతిలో ఉన్నవానిగా విడిచిపెట్టిన తండ్రి కనబడుచున్నాడు.

పందొమ్మిదవ శతాబ్దములో డేవిడ్ ఫ్రెడరిక్ స్ట్రౌస్ వంటివారు ప్రభువు పునరుత్థానమును శిష్యుల మనస్సులో పుట్టిన దర్శనముగా వివరించారు. ఆ వాదమును మన తరగతులలో పేర్లతో బోధించుచున్నాము. కాట్లాను చూచిన విద్యార్థికి అది కంటికి కనబడుతుంది. శిష్యుల కోరిక, దుఃఖము కలిసి యేసును తయారుచేసినయెడల ఆయన ఎట్లు కనబడవలెను? వారు ఎరిగిన రూపముతో, వారు ఆశించినట్లు, గాయములు లేకుండ కనబడవలెను. సువార్తలు చెప్పునది వేరు. మరియ ఆయనను తోటమాలి అనుకొనెను (యోహాను 20:15). ఎమ్మాయు త్రోవలో ఇద్దరు దూరము నడిచియు గుర్తుపట్టలేదు (లూకా 24:16). ఆయన చేతులలో గాయములుండెను. ఎవరు తాము ప్రేమించినవానిని గాయములతో తిరిగి రమ్మని కోరుదురు? మరియకు తనను పట్టుకొనియుండవద్దని చెప్పెను (యోహాను 20:17). జ్ఞాపకము చేసిన బొమ్మ మనము పట్టుకొనుటకే వస్తుంది, తండ్రి యొద్దకు ఎక్కిపోవలసినవాడు అట్లు పట్టుబడడు. ఆయన వారి కోరికలోనుండి రాలేదు, వారి కోరికను దాటి వచ్చెను.

5. సముద్ర తీరమున బాలుడు

మూడవ విమర్శను గూర్చి ఒక మాట. తిరిగి వచ్చిన బాలుడు కుమారుడు కాడని తల్లిదండ్రులు గ్రహించుట సరియే. అయితే కుమారుడు కానంత మాత్రాన వాడు ఎవడును కాకపోడు. వానికి ఆకలి ఉన్నది, చలి ఉన్నది, భయమున్నది. ఐస్‌లాండ్‌లోను ఐరోపాలోని ఇతర దేశములలోను మార్పిడి బిడ్డ అను నమ్మకమువలన వికలాంగులైన నిజమైన పిల్లలు బాధలు పడిన చరిత్ర ఉన్నది. మన బిడ్డ కాదని చెప్పుట ఎంత తేలికో, మన పొరుగువాడు కాదని చెప్పుట అంతే తేలిక. కథకులు ఈ ప్రశ్నను లేపి దానితో నిలువక ముందుకు పోయారు. నెమ్మదిగా నడిచిన కథ తొందరపడినది ఇక్కడ ఒక్కచోటనే. తట్టుకొనలేకపోయామన్న ప్రేక్షకుల పక్షమున నేను నిలుచుచున్నాను.

6. కాపరులకు ఒక మాట

వీక్‌కు ఈశాన్యమున లాకీ అను పగులు 1783 జూన్‌లో తెరుచుకొన్నది. జూలై 20న యోన్ స్టెయిన్‌గ్రిమ్సన్ అను లూథరన్ కాపరి ఆరాధన జరుపుచుండగా లావా ఆగినదని నేటికిని అక్కడ చెప్పుకొంటారు. అందువలన ఆయనకు అగ్ని కాపరి అను పేరు వచ్చినది. కాని లావా ఆగిన తరువాత కరువు వచ్చినది. దేశ జనాభాలో దాదాపు అయిదవ వంతు నశించిరి. 1784లో ఆయన భార్యయు మరణించెను. ప్రజలు జ్ఞాపకముంచుకొన్నది ఒక ఆదివారమును. ఆయన జీవించవలసి వచ్చినది ఆ తరువాతి దినములన్నిటిని.

నా సంగతి చెప్పకుండ ముగించలేను. చాలా సంవత్సరముల క్రితము మా సంఘములో ఒక పిల్లవాడు చనిపోయాడు. ఆదరణ కూడికలో 1 థెస్సలొనీక 4:13 చదివి, నిరీక్షణ ఉన్నవారు ఏడువకూడదని చెప్పి, మరొక కూడిక ఉన్నదని లేచిపోయాను. పౌలు ఏడువవద్దని చెప్పలేదు, నిరీక్షణ లేనివారివలె ఏడువవద్దని చెప్పెను. ఆ తేడా నాకు తెలుసు, బి.డి. పరీక్షలో వ్రాశాను కూడ. కొన్నేళ్ళ తరువాత సమాధుల పండుగనాడు ఆ తండ్రి నాతో అన్నాడు: "అయ్యగారూ, ఆ రోజు మీరు మంచి వాక్యమే చెప్పారు. కాని మావాడి గురించి ఒక్క మాటైనా అడగలేదు." నాకు జవాబు లేకపోయినది. రెండు భాగములు చూసి మానివేసిన ఆ అబ్బాయి కంటె నేను ఆ ఇంటిలో ఎక్కువసేపు కూర్చుండలేదు.

ముగింపు

కాట్లా లోపము లేని ధారావాహిక కాదు. ఉల్క దానికి భారమైనది, సముద్ర తీరమున అది తొందరపడినది. అయినను దుఃఖములో ఉన్నవారిని తొందరపెట్టకూడదను సంగతిని మన ఆదరణ కూడికలకంటె బాగుగా ఎరుగును. పునరుత్థానము దానికి తెలియదు. దానిని ప్రకటించు పని మనది. అయితే ఆ ప్రకటన వినబడవలెనంటే శనివారమంతయు ఆ ఇంటిలో కూర్చుండవలెను. నేను ఈ మధ్య ఆ తండ్రి ఇంటికి మరల వెళ్ళాను. వాక్యము చదువకమునుపు ఆ పిల్లవాని గురించి అడిగాను. ఆయన గంటన్నర చెప్పాడు.